జోఫ్కా అత్తయ్య నిలబడే చోటు

"గంట మోగలేదు" అంది జోఫ్కా.

"మోగింది అత్తయ్యా. వాకిట్లో మంచు తోస్తున్న నాకే వినబడింది" అంది బ్రెడా.

"వాకిట్లో ఉన్న నీకు వినబడి, ఓవెన్ పక్కనే కూర్చున్న నాకు వినబడలేదంటే ఏమనుకోవాలి? గంటే పాడైంది. ఓవెన్‌కి పెట్టే ప్లాస్టిక్ గంటలు కొంటే ఇంతే. మా కాలంలో వాసన చూసి తీసేవాళ్ళం."

"మరి వాసన కూడా రాలేదా?"

అనకూడని మాట. అనేశాక గానీ బ్రెడాకు తెలియలేదు. జోఫ్కా చేతిలోని అక్రోటును బల్ల మీద పెట్టి, కోడలి వైపు ఒకసారి చూసి, మళ్ళీ దాన్ని తీసుకుని టక్కున పగలగొట్టింది.

బ్రెడా గుడ్డ పట్టుకుని ఓవెన్‌లోంచి మట్టి మూకుడును బయటికి లాగింది. పండగ పొతీత్సా. పిండిని పల్చగా పరిచి, అక్రోట్ల ముద్ద పులిమి, చుట్టగా చుట్టి కాల్చింది. పైన బంగారు రంగులో బాగానే ఉంది గానీ, బోర్లిస్తే అడుగు బొగ్గులా ఉంది. ఆ అక్రోట్లు పెరటి చెట్టువే. అత్తగారు సాయంత్రాలన్నీ కూర్చుని ఒలిచినవి.

"నేను కాపురానికొచ్చాక ఈ ఇంట్లో పొతీత్సా మాడడం ఇదే మొదలు" అంది జోఫ్కా. కాపలా ఉన్నది తనే అయినా, అన్న తీరులో తప్పు ఎలాగో కోడలి వైపు జరిగిపోయింది.

బూట్లు వేసుకుంటూ బ్లాజ్ తలుపు దగ్గరి నుంచి తొంగిచూశాడు. రంపపు మిల్లుకు ఆలస్యమైపోతోందతనికి. అయినా తల్లికీ భార్యకీ మధ్య గాలి బిగుసుకున్నప్పుడు ఒక మాట విసిరి పోవడం అతనికి అలవాటు.

"మాడింది మనం తిందాం, మంచిది ఇంకోటి చేసి పాటగాళ్ళకి పెడదాం. కచేరీకి సగం మంది పాట కోసం కాదు, ఆ తర్వాత పెట్టే పొతీత్సా కోసమే వస్తారు."

"నువ్వు అందుకే వస్తావు" అంది జోఫ్కా. "మిగతావాళ్ళు నా చరణం కోసం వస్తారు."

బ్రెడా మూకుడు కడిగే నెపంతో వాళ్ళకు వీపు తిప్పింది. ఆ చరణం మాట వచ్చినప్పుడల్లా ఆమె ఇలాగే ఏదో పని వెతుక్కుంటోంది.

ఊరి పాటల బృందం ఏటా క్రిస్మస్ మర్నాడు చర్చిలో, ఆర్గన్ ఉన్న మేడ మీద నిలబడి కచేరీ చేస్తుంది. పాత మాస్టారు కొడుకు దగ్గరికి పట్నం వెళ్ళిపోయినప్పటి నుంచి దాన్ని నడిపించే పని బ్రెడా మీద పడింది. కచేరీలో ఆఖరిది ఊరి పాత క్రిస్మస్ పాట. అది మొదలుపెట్టేది జోఫ్కాయే. మొదటి చరణం ఆవిడ ఒక్కతే పాడుతుంటే తక్కినవాళ్ళు నోరు మూసుకుని సన్నగా గొంతు కలుపుతారు. రెండో చరణం అందరూ పాడతారు. అప్పటిదాకా వాద్యం ఉండదు. మూడో చరణానికి ఆర్గన్ అందుకుంటుంది. చర్చి గోడలు అదిరి, కింద కూర్చున్న వాళ్ళు కళ్ళు తుడుచుకునేది అక్కడే.

పోయిన ఆదివారం చర్చిలో మొదటి సాధన. ఆర్గన్ వాయించే లోయ్జె మూడో చరణం అందుకోగానే అందరి మొహాలూ పుల్లటిది కొరికినట్టు ముడుచుకున్నాయి. ఆర్గన్ ఒక శ్రుతిలో ఉంది, బృందం అర మెట్టు కింద ఉంది. పాట మధ్యలోనే ఆగిపోయింది.

"లోయ్జె తప్పు నొక్కాడు" అంది జోఫ్కా.

"చలి" అన్నారు ఆడవాళ్ళు.

"చలి కాదు, ముసలమ్మ" అన్నాడు వెనక వరసలోంచి విన్కో, పక్కవాడికి మాత్రమే వినబడాలనుకుని. విన్కోది మంద్ర స్వరం, అతను గొణిగినా మేడంతా వినబడుతుంది. "ఆవిడ దిగుతోంది, మనల్నీ నూతిలోకి లాగుతోంది."

అది నిజమని బ్రెడాకు తెలుసు. బృందమంతా ఆ గొంతు వెంటే నడుస్తుంది. నలభై ఏళ్ళుగా అదే వాళ్ళ అలవాటు. ఆవిడ దిగితే వాళ్ళూ దిగుతారు. వింతేమిటంటే, వారం వారం ఫైర్ స్టేషన్ హాల్లో సాధన చేసినప్పుడు ఆ తేడా రాలేదు. అక్కడ బ్రెడా పాట చివర, ఒకే స్వరం పలికే ఉక్కు శ్రుతిదండాన్ని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని చూసుకునేది. సరిగ్గా కలిసేది. హాల్లో పొయ్యి ఉంది, వెచ్చగా ఉంటుంది, చర్చిలో చలికి ముసలి గొంతు తట్టుకోవడం లేదు కాబోలు అనుకుంది.

ఆ చరణం బృందంలోనే ఉన్న పోస్టాఫీసు వాండాకు ఇవ్వమని నలుగురు చెవిన వేశారు. ఇవ్వడం పెద్ద పని కాదు. ఆ మాట అత్తగారితో చెప్పాక, మర్నాటి నుంచి అదే వంటింట్లో, అదే బల్ల దగ్గర ఎలా బతకాలన్నదే బ్రెడాకు అంతు పట్టలేదు. అందుకని ఎవరికీ తెలియకుండా లోయ్జె ఇంటికి వెళ్ళింది.

"బాబాయ్, మూడో చరణం అర మెట్టు దించి వాయించగలరా?"

లోయ్జె కళ్ళజోడు పైనుంచి చూశాడు. "నీకు తెలుసా ఏమడుగుతున్నావో? అది తెల్ల మెట్ల పాట. అర మెట్టు దించితే అన్నీ నల్లవే. నా వేళ్ళకి వాతం."

"ఈ ఒక్క ఏడాదికి."

"జోఫ్కాకి తెలుసా?"

"తెలియకూడదు."

"అబ్బో" అన్నాడు లోయ్జె. కానీ కాదనలేదు.

*

బుధవారం చర్చిలో సాధన బ్రహ్మాండంగా జరిగింది. ఆర్గన్ అందుకున్నప్పుడు ఎవరి మొహమూ ముడుచుకోలేదు. విన్కో కూడా తల ఊపాడు. బ్రెడా గుండె మీది నుంచి బండ దిగినట్టయింది. ఇంటికి నడిచొస్తున్నంతసేపూ జోఫ్కా ఒక్క మాటా మాట్లాడలేదు. చలికి నోరు మూసుకుందేమో అనుకుంది బ్రెడా.

మర్నాడు మధ్యాహ్నం రెండో పొతీత్సా ఓవెన్‌లో పెట్టి, గంట తిప్పి, బ్రెడా పాత్రలు సర్దుతోంది. జోఫ్కా కిటికీ పక్క తన కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో పని లేదు. ఆవిడ చేతిలో పని లేకుండా కూర్చుందంటే పిడుగు పడబోతోందని లెక్క.

"నిన్న లోయ్జె వేళ్ళు నల్ల మెట్ల మీద ఉన్నాయి" అంది.

బ్రెడా చేతిలోని గిన్నె అలాగే ఆగిపోయింది.

"నేను నిలబడేది ఆర్గన్ పక్కనే. ఆ చేతుల్ని నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. చూడకపోయినా తెలిసేది. ఆఖర్న పైకి లేచే స్వరం ఉందే, దాన్ని అందుకోవాలంటే నేను మడమలెత్తాలి. ఏటా ఎత్తుతాను. నిన్న మడమలెత్తితే, ఎత్తాల్సిన అవసరమే లేదు. ఉండాల్సిన చోట మెట్టు లేదు."

"అత్తయ్యా, నేను..."

"కుంటిదాని కోసం గడప కోసినట్టు, నా కోసం ఆర్గన్‌ని దించావు. ఊరందరికీ తెలుసు, నాకు తప్ప."

"ఊరందరికీ కాదు. లోయ్జె బాబాయికీ నాకూ."

"లోయ్జెకి తెలిస్తే ఆయన పెళ్ళానికి తెలుస్తుంది. ఆవిడ రోజూ పొద్దున్నే వాండా దగ్గర స్టాంపులు కొంటుంది. ఇక మిగిలిందెవరు, మన పిల్లి తప్ప?"

"వాళ్ళంతా ఆ చరణం వాండాకి ఇమ్మన్నారు. నేను ఇవ్వలేదు. మీ దగ్గర్నుంచి లాక్కోవడం నా వల్ల కాలేదు. అందుకే అలా చేశాను."

"దిగుతున్నావని నా మొహం మీద చెప్పొచ్చు కదా."

"చెబితే మీరు వింటారా?"

"వినను" అంది జోఫ్కా. "అయినా నువ్వు చెప్పాలి. ఈ వంటింట్లో నువ్వు నా కోడలివి. ఆ మేడ మీద నా మాస్టరువి. మాస్టరు జాలిపడితే పాడేవాడు చచ్చినట్టే. పాత మాస్టారు నన్ను అందరి ముందూ తిట్టేవాడు. ఏనాడూ నా కోసం ఆర్గన్‌ని దించలేదు."

బ్రెడా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదిహేడేళ్ళ కాపురంలో అత్తగారు ఆమెను నిలదీయడం కొత్త కాదు. కానీ ఇంతకు ముందు ఎప్పుడూ అత్తగారి మాటే నిజమని ఇంతగా అనిపించలేదు.

సరిగ్గా అప్పుడే ఓవెన్ పక్క అలమరాలో గంట మోగింది. కీచుగా, ఇల్లు లేచిపోయేలా. పుస్తకం పట్టుకుని గదిలో ఉన్న కూతురు నేజా "అమ్మా, గంట" అని అక్కడి నుంచే అరిచింది.

జోఫ్కా ఆగలేదు. "మా అమ్మకి కూడా ఇలాగే..." అంటూనే ఉంది. ఆవిడ మొహంలో ఒక్క గీత కూడా కదలలేదు.

బ్రెడా గంటను చేతిలోకి తీసుకుంది. అది ఇంకా మోగుతోంది. అత్తగారికి ఎడమ వైపున, చేతికందే దూరంలో నిలబడింది. ఏమీ లేదు. మెల్లగా కుర్చీ వెనకగా నడిచి కుడి వైపుకు వచ్చింది. జోఫ్కా ఉలిక్కిపడి తల తిప్పింది.

"దాన్ని నా చెవిలో పెడతావేమిటే?"

బ్రెడా గంట ఆపి, పొతీత్సాను బయటికి తీసింది. ఈసారి అడుగు కూడా బంగారు రంగే. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి వచ్చి, అత్తగారి కుడి వైపు కుర్చీ లాక్కుని కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లో చేతులు పట్టుకునే అలవాటు లేదు, అయినా పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

జోఫ్కా ఏమీ తెలియనట్టు చూడబోయింది. తర్వాత ఆ ప్రయత్నం మానుకుంది.

"పోయిన ఏడు చలికాలం నుంచి. జలుబు చేసి ఎడమ చెవి మూసుకుపోయింది. జలుబు పోయింది, అది తెరుచుకోలేదు. కుడిదానికి కూడా కీచు చప్పుడు దగ్గరికొస్తే గానీ పట్టదు."

బ్రెడాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కిటికీలోంచి చలిగాలి కొడుతోందని భోజనాల బల్ల దగ్గర చోటు మార్చుకుంది. ఫోను ఎప్పుడూ కుడి చెవికే. బ్లాజ్ ఎడమ పక్క నుంచి పలకరిస్తే "గొణక్కురా" అని కసిరేది. ఒకే ఇంట్లో ఉంటూ ఏడాది పాటు తను ఇవన్నీ చూసింది. చాదస్తం అనుకుంది.

"డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా. చెప్పొచ్చు కదా."

"చెబితే?" అంది జోఫ్కా. "మా అమ్మ ఉర్షుల చెప్పింది. చెవి మందగించిందని తనే పోయి మాస్టారికి చెప్పింది, నిజాయితీగా. ఆయన భుజం తట్టి, ఇక విశ్రాంతి తీసుకో ఉర్షులా అన్నాడు. ఆ చోటు నాకిచ్చారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. మా అమ్మ మళ్ళీ ఆ మేడ మెట్లు ఎక్కలేదు. కింద ఆఖరి బెంచీలో కూర్చునేది, పెదాలు బిగించుకుని. అందరూ పాడుతుంటే ఆవిడ మాత్రం పాడేది కాదు. నేను పైనుంచి చూస్తూ పాడేదాన్ని. నన్ను కూడా ఆ బెంచీలో కూర్చోబెట్టకు బ్రెడా."

ఆ గొంతులో బతిమాలడం బ్రెడా ఎప్పుడూ వినలేదు. అంతలో ఆమె కళ్ళ ముందు ఫైర్ స్టేషన్ హాలు, చర్చి మేడ పక్కపక్కన నిలబడ్డాయి.

హాల్లో జోఫ్కా కూర్చునేది ఎడమ కొసన, పొయ్యి దగ్గర. బృందమంతా ఆవిడ కుడి పక్కన ఉంటుంది. చర్చి మేడ మీద నిలబడేది కుడి కొసన, ఆర్గన్ పక్కన. బృందమంతా ఎడమ పక్కన.

"నేజా" అని కేకేసింది బ్రెడా. "ఇటు రా. ఇద్దరం గొంతు కలపాలి."

"ఇప్పుడా? రేపు నాకు పరీక్ష."

"రా అంటే రా."

నేజా వచ్చింది. తల్లీ కూతుళ్ళిద్దరూ జోఫ్కాకు ఎడమ వైపు నిలబడ్డారు. బ్రెడా శ్రుతిదండం కొట్టి స్వరం ఇచ్చింది. జోఫ్కా గొణుక్కుంటూనే లేచి నిలబడి చరణం అందుకుంది. పక్కన వాళ్ళిద్దరూ నోరు మూసి గొంతు కలిపారు. చరణం అయ్యాక బ్రెడా మళ్ళీ శ్రుతిదండం కొట్టి బల్ల మీద ఆనించింది. బల్ల చెక్క సన్నగా పలికింది. పాట కింద, స్వరం పైన. నేజా పళ్ళు బిగించింది.

"ఇప్పుడు ఇటు" అంది బ్రెడా. ఇద్దరూ కుడి వైపుకు వెళ్ళారు.

రెండోసారి జోఫ్కా పాడుతుంటే ఆవిడ మొహమే మారిపోయింది. చీకట్లో తడుముకుంటూ దిగే మనిషికి గోడ చేతికి తగిలినట్టు. ఆఖరి స్వరం దగ్గర మడమలెత్తింది. బ్రెడా శ్రుతిదండం బల్లకు ఆనించింది. పాటా, బల్లా ఒక్కటిగా మోగాయి. ఏది ఏదో తెలియలేదు.

"నానమ్మా, అచ్చు గుద్దినట్టుంది" అంది నేజా.

"మీ గొంతుకేం కాలేదు అత్తయ్యా" అంది బ్రెడా. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. "ఆ మేడ మీద మీకు మేం వినబడడం లేదు, అంతే. మీరు కుడి కొస నుంచి ఎడమ కొసకి మారితే సరిపోతుంది."

జోఫ్కా కుర్చీలో కూర్చుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"మారను."

"అత్తయ్యా..."

"అది మా అమ్మ చోటు. అంతకు ముందు మా అమ్మమ్మది. అక్కడ మేడ అంచు చెక్క రెయిలింగు మా ముగ్గురి చేతులకి అరిగింది. ఆ మేడ మీద బతికుండగా చోటు మారినవాళ్ళు లేరు. పైగా ఎడమ కొసన ఉన్నదెవరు? విన్కో. మన రేగుచెట్టు కొమ్మలు తన పెరట్లోకి వాలాయని గొడ్డలి పట్టుకొచ్చిన విన్కో. వాడి పక్కన నిలబడి దేవుడి పాట పాడమంటావా?"

"అయితే ఏం చేద్దాం?"

"వాండాకిచ్చుకో" అంది జోఫ్కా, లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బ్రెడా లోయ్జె ఇంటికి వెళ్ళి చెప్పింది. "మూడో చరణం తెల్ల మెట్ల మీదే వాయించండి బాబాయ్. ఎవరు పాడినా సరే." లోయ్జె వేళ్ళు విరుచుకుని, దేవుడు చల్లగా చూడాలి నిన్ను అన్నాడు.

వాండాకు మాత్రం చెప్పలేదు. చెప్పడానికి పోస్టాఫీసు దాకా వెళ్ళి, ఒక స్టాంపు కొనుక్కుని తిరిగొచ్చింది.

*

పండగ ముందు రోజు మధ్యాహ్నం జోఫ్కా కోటు వేసుకుని బయల్దేరింది. ఎక్కడికని అడిగితే చర్చి మేడ మీద దుమ్ము తుడిచి వస్తానంది. మేడ శుభ్రం చేసే వంతు ఆవిడది కాదు. బ్రెడా ఆ సంగతి అనలేదు. చీకటి పడే వేళకు వచ్చింది. పాత గుడ్డ మడత కూడా విప్పకుండా చేతిలో అలాగే ఉంది.

ఆ ఇంటి ఆచారం ప్రకారం బ్లాజ్ నిప్పుల పెనం మీద సాంబ్రాణి వేసి పట్టుకుని ముందు నడిచాడు. వెనక నేజా చర్చి నుంచి తెచ్చిన పవిత్రజలం చల్లుతూ, ఆ వెనక ఆడవాళ్ళిద్దరూ ప్రార్థన చెప్పుకుంటూ గది గదికీ తిరిగారు. పశువుల కొట్టం దాకా పోయి వచ్చి, పొగ వాసనతోనే బల్ల దగ్గర కూర్చున్నారు. పులియబెట్టిన క్యాబేజీ, చిక్కుడు గింజలు, ఉడికించిన బంగాళాదుంపలు. మధ్యలో అడుగు చెక్కేసిన పాత పొతీత్సా.

బ్లాజ్ ఏదో అనబోయి, భార్య మొహం చూసి, నోట్లో దుంప పెట్టుకున్నాడు.

జోఫ్కా రుమాలుతో మూతి తుడుచుకుంది.

"నేనొక మాట చెప్పాలి. మధ్యలో ఎవరూ అడ్డు రాకండి. వచ్చినా ఎడమ పక్క నుంచి రాకండి, వినబడదు."

బ్లాజ్ తల్లి వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. అతనికి అప్పటిదాకా ఏమీ తెలియదు.

"ఇవాళ మేడ మీద ఒక్కదాన్నే నిలబడ్డాను. ముందు మా అమ్మ చోట్లో. తర్వాత ఆ కొసన. ఆ కొస నుంచి కిందికి చూస్తే ఆఖరి బెంచీ కనబడదు, స్తంభం అడ్డం వస్తుంది. మా అమ్మ కూర్చున్న బెంచీ. నలభై ఏళ్ళు దాన్ని చూస్తూనే పాడాను. ఇక చూడకుండా పాడి చూస్తాను." ఆవిడ ఒక గుక్క నీళ్ళు తాగింది. "ఎల్లుండి నేను ఎడమ కొసన నిలబడతాను. పండగలయ్యాక బ్లాజ్ నన్ను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. మాస్టరమ్మకి అభ్యంతరం ఏమైనా ఉందా?"

"లేదు" అంది బ్రెడా.

"చెవేమిటి, ఏ డాక్టరు?" అన్నాడు బ్లాజ్.

"నువ్వు గొణక్కుండా ఉంటే తర్వాత చెబుతాను. మా అమ్మ చోటు ఖాళీగా ఉండకూడదు. అక్కడ నేజా నిలబడుతుంది, వెనక వరసలోంచి ముందుకొచ్చి. రెయిలింగు మీద చెయ్యి పెట్టుకో నేజా, కాళ్ళు వణకవు. లోయ్జె వేళ్ళ మీద ఓ కన్నేసి ఉంచు."

నేజా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం నానమ్మ మీద నుంచి కదల్లేదు.

"మరి విన్కో?" అంది బ్రెడా.

"వస్తూ వస్తూ వాడింటికి వెళ్ళాను. తలుపు తీసి దెయ్యాన్ని చూసినట్టు చూశాడు. నీ మంద్రం నా కుడి చెవిలో పడాలి, సరిగా పాడు అన్నాను. ఆ రోజు వెల్లుల్లి తినకు అన్నాను. రేగుపళ్ళ సారా ఒక గ్లాసు పోసి చేతిలో పెట్టాడు. చెట్టు మాట ఇద్దరం ఎత్తలేదు."

బ్లాజ్ ముందు నవ్వాడు. తర్వాత నేజా. బ్రెడా కూడా నవ్వుతూనే పొతీత్సా కోయడం మొదలుపెట్టింది. ఎంత చెక్కినా ముక్కలకు ఇంకా కొంచెం నలుపు మిగిలే ఉంది.

మొదటి ముక్క అత్తగారి పళ్ళెంలో పెట్టింది. జోఫ్కా దాన్ని కొరికి, నెమ్మదిగా నమిలి, మింగింది.

"ఇంకో సంగతి" అంది, పళ్ళెంలోకి చూస్తూ. "ఆ రోజు గంట మోగే ఉంటుంది. దాన్ని పారెయ్యకు బ్రెడా. అలమరాలోంచి తీసి నా కుడి పక్కన పెట్టు."